హార్మోనియం లేని స్టూడియోలో తెలుగు పాట

1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియోలో హార్మోనియం మోగలేదు. మన గమకాలు ఆ మెట్ల మీద పలకవని అప్పటి పెద్దల వాదన. నిషేధం మూడు దశాబ్దాలు నడిచింది. నాటకాల స్టేజి మొదలుకొని భజన మందిరం దాకా హార్మోనియం శ్రుతికి అలవాటుపడ్డ తెలుగువాళ్లకు అది చిన్న మార్పు కాదు. నిషేధం మొదలైన మరుసటి ఏడే మద్రాసు కేంద్రంలో ఒక యువకుడు ఉద్యోగానికి చేరాడు. పేరు బాలాంత్రపు రజనీకాంతరావు. రేడియో లలిత గీతం పుట్టుక చెప్పాలంటే నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

రజని పుట్టింది 1920 జనవరి 29న నిడదవోలులో, పెరిగింది పిఠాపురంలో. వేంకట పార్వతీశ కవుల్లో ఒకరైన వేంకటరావుగారు ఆయన తండ్రి. చదువు కాకినాడలో, ఆ తర్వాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో. పిఠాపురం నుంచి వాల్తేరు పోయే రైలు తుని, నర్సీపట్నం రోడ్డు స్టేషన్ల మీదుగానే వెళ్తుంది. అందుకే మా నక్కపల్లి వైపు వాళ్లం ఆయన్ని మావాడిగానే లెక్కవేసుకుంటాం.

లలిత గీతానికి ఆయనొక్కడే ఆద్యుడని అనను. సాలూరు రాజేశ్వరరావు, బాలసరస్వతీదేవి గ్రామఫోను పాటలు అప్పటికే ఇళ్లలో తిరుగుతున్నాయి. అయితే ఆ రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లరకే అయిపోయేది. రేడియోకి ఆ కట్టడి లేదు. అరగంట గేయనాటిక అల్లవచ్చు, ఒక ఋతువునంతా పాటలో నడిపించవచ్చు. రజని ఆ వెసులుబాటును పూర్తిగా వాడుకున్నారు.

మైకు తెచ్చిన మార్పు ఇంకా పెద్దది. నాటకంలో పద్యం చివరి వరుసలో కూర్చున్నవాడికి వినబడాలి. దానికి తగ్గట్టే గొంతూ రాగాలాపనా ఉండేవి. మైకు ముందు అంత బలం అక్కర్లేదు, మెల్లగా అన్న మాట కూడా ఊరంతా వినిపిస్తుంది. టేపు లేని రోజులవి. తప్పు పడితే మళ్లీ పాడే వీలు లేదు, పాడింది పాడినట్టే గాలిలోకి పోయేది. గొంతు మైకుకి దగ్గరగా, వేణువు, వయొలిన్ కాస్త ఎడంగా, మద్దెల ఇంకా వెనక్కి: ఎవరెక్కడ నిలబడాలన్నదే ఆనాటి మిక్సింగ్. ఇలాంటి చోట మాట రాసేవాడూ, వరస కట్టేవాడూ, కార్యక్రమం నడిపేవాడూ ఒక్కడే అయితే పాటకు ఎంత మేలో రజని పాటలు వింటే తెలుస్తుంది. ఏ అక్షరం మీద స్వరం ఆగాలో రాసేటప్పుడే ఆయనకు తెలుసు.

2025 జూన్‌లో అమెరికన్ పాప్ సంగీతకారుడు బ్రయన్ విల్సన్ పోయినప్పుడు, స్టూడియోనే వాయిద్యంగా వాడుకున్నవాడని లోకమంతా చెప్పుకుంది. ఆయన ‘పెట్ సౌండ్స్’ ఆల్బం 1966 నాటిది. అన్ని ట్రాకులూ అన్ని హంగులూ లేకపోయినా, దానికి పాతికేళ్ల ముందే మద్రాసులో మనవాడొకడు స్టూడియోని దృష్టిలో పెట్టుకుని పాట రాశాడని నాకు గర్వం.

1945లో ‘స్వర్గసీమ’లో భానుమతి పాడిన ‘ఓహో పావురమా’ ఆయనదే. ‘బ్లడ్ అండ్ శాండ్’ అనే హాలీవుడ్ సినిమాలోని పాట దానికి ప్రేరణ. సర్కారు ఉద్యోగం కావడంతో తెరమీద పేరు వేసుకునే వీలు లేదు. ‘గృహప్రవేశం’ సంగీతం సోదరుడు నళినీకాంతరావు పేరు మీద వెళ్లింది. 1947 ఆగస్టు 15న మద్రాసు రేడియోలో టంగుటూరి సూర్యకుమారి పాడిన ‘మాదీ స్వతంత్ర దేశం’కి మాటా వరసా రజనివే. స్వాతంత్ర్యం వచ్చిన కబురు చాలామంది తెలుగువాళ్ల చెవిన ఆ పాటతో కలిసే పడింది.

1948లో విజయవాడ కేంద్రం వచ్చింది. రజని, బాలమురళీకృష్ణ వంటివాళ్ల చేతుల్లో ‘భక్తిరంజని’ కార్యక్రమం రూపుదిద్దుకుంది. పెరట్లో ఆడవాళ్లు పాడుకునే మేలుకొలుపులూ, తత్వాలూ శాస్త్రీయ విద్వాంసుల గొంతుల్లో తెల్లవారుజామునే వినిపించాయి. సూర్యస్తుతి రేడియోకెక్కింది రజని పూనిక వల్లే. మా ఉపమాక వెంకన్న గుడికి పొద్దున్నే బయలుదేరే ముసలమ్మలు ఆ పాట పాడుకుంటూ నడిచేవారు. అది ఎవరి చలవో వాళ్లకు తెలియదు.

ఆయన రాసిన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’కి 1961లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. గోదావరి మీద రాసిన రూపకం ‘కొండ నుండి కడలి దాకా’ను జపాన్ రేడియో సంస్థ ఎన్.హెచ్.కె. మెచ్చింది. 2018 ఏప్రిల్ 22న విజయవాడలో, 98 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

టేపు రాకముందు పాడినవి ఎలాగూ గాలిలో కలిసిపోయాయి. ఆ తర్వాతివైనా, ఎవరు రాశారో, ఎవరు వరస కట్టారో, ఎవరు పాడారో, మద్దెల ఎవరు వాయించారో పేర్లతో సహా ఆకాశవాణి అందరికీ అందుబాటులోకి తేవాలి. ఒకప్పుడు తెరమీద పేరు వేసుకోలేకపోయిన మనిషికి ఆ మాత్రం బాకీ ఉన్నాం.