మన అగస్త్యుడే ఇక్కడ సుహైల్

శ్రావణ మాసం రాగానే మన గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది చూడండి: "ఇది వర్ష ఋతువు, అరుగుదల మందగిస్తుంది, ఇవి తినండి, ఇవి మానండి" అని. కిటికీలోంచి చూస్తే దుబాయ్‌లో 40 డిగ్రీలు దాటిన ఎండ, వాన చుక్క లేదు. మరి మన ఋతుచర్య ఇక్కడ పనికిరాదా? పనికొస్తుందండీ. కాకపోతే ఈ ఊరి ఆకాశం చూసి పాటించాలి.

ఈ మాట పాత గ్రంథాల్లోనే ఉంది. చరక సంహిత సూత్రస్థానం ఆరో అధ్యాయంలో ఆరు ఋతువులకీ తిండి, నడవడి చెప్పారు. ఎండాకాలంలో తీపి, చలవ, పలచటి ఆహారం తీసుకోవాలి. ఉప్పు, పులుపు, కారం, శ్రమ తగ్గించాలి. చలికాలంలో ఆకలి బాగా పుడుతుంది కాబట్టి నెయ్యి, నూనె, బలమైన తిండి తినొచ్చు. అధ్యాయం చివర ఇంకో సంగతి ఉంది. మనం ఉండే నేల గుణానికి ఎదురు గుణమున్న తిండే ఒంటికి పడుతుందట. అంటే నెల పేరు ఒక్కటే చూస్తే చాలదు, ఉన్న చోటు కూడా చూడాలి.

అదే అధ్యాయంలో శరదృతువు గురించి చెబుతూ, అగస్త్య నక్షత్రం ఉదయించాక తేటపడ్డ నీళ్లను 'హంసోదకం' అన్నారు. ఆ అగస్త్యుడినే అరబ్బులు సుహైల్ అంటారు. యూఏఈలో ఆగస్టు 24 ప్రాంతంలో, తెల్లవారకముందు ఆగ్నేయ దిక్కున కనిపిస్తాడు. మబ్బు లేకపోతే మన ఊళ్లలో ఇంకా ముందే కనిపిస్తాడు, దక్షిణానికి పోయేకొద్దీ అంతే. నక్షత్రం ఒకటే, తేదీ మాత్రం చోటును బట్టి మారుతుంది.

ఇక్కడి పెద్దలు సుహైల్‌తోనే ఏడాది మొదలుపెట్టి, పదేసి రోజుల చొప్పున లెక్కపెట్టేవారు. దీన్ని 'దురూర్' లెక్క అంటారు. చేపల వేట, సేద్యం, ఒంటెల మేత అన్నీ దాని ప్రకారమే నడిచేవి.

ఏసీలు లేని ఆ రోజుల్లో వేసవి ఎలా గడిచేదంటారా? మగవాళ్లు ముత్యాల వేటకు నెలల తరబడి సముద్రం మీదికి పోయేవారు. నీళ్లలో దూకే ముందు నాలుగు ఖర్జూరాలు, కాస్త కాఫీ, అంతే. అన్నం, చేపలు పొద్దుగూకాకే. తీరంలో ఉక్కపోతకు తట్టుకోలేక చాలా కుటుంబాలు లివా, అల్ ఐన్ లాంటి ఖర్జూర తోటలకు తరలిపోయేవి. దీన్ని 'మఖీద్' అనేవారు. ఈత మట్టల్లాంటి ఖర్జూర మట్టలతో అల్లిన, గాలాడే 'అరీష్' ఇళ్లలో కాపురం. మగవాళ్లు సముద్రం మీద ఉంటే పిల్లల్నీ ఇంటినీ చూసుకున్నది ఆడవాళ్లే. అప్పుడే పండిన మెత్తటి ఖర్జూరం, 'లబన్' అనే మజ్జిగ వాళ్ల వేసవి తిండి. చలవ, తీపి, పలచన: చరకుడు చెప్పిందీ ఇదే కదా!

1930ల్లో జపాన్ పెంపకపు ముత్యాలతో ఆ వేట దెబ్బతింది. తర్వాత చమురు, కరెంటు, ఏసీ వచ్చి మఖీద్ చాలావరకు ఆగిపోయింది. అయినా ఎండ ఎండే. అందుకే ఇప్పుడు ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నిబంధన. కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి వచ్చి కట్టడాల్లో పనిచేసే మన అన్నదమ్ములకు అదే ఋతుచర్య.

మరి మనం చేయాల్సిందేంటి? మే నుంచి సెప్టెంబర్ దాకా గ్రీష్మమే అనుకోండి: మజ్జిగ, రాగి అంబలి, సబ్జా నీళ్లు, సొరకాయ, బీరకాయ. ఆవకాయ కాస్త తగ్గించండి. డిసెంబర్, జనవరిలో ఇక్కడా చలే, కాబట్టి సంక్రాంతి నువ్వుండలు, అరిసెలు సరిగ్గా కుదురుతాయి. ఋతువు మారేటప్పుడు చివరి ఏడు రోజులు, కొత్త ఋతువు మొదటి ఏడు రోజులు అలవాట్లను మెల్లగా మార్చుకోమన్నాడు వాగ్భటుడు. ఏసీ గదికీ బయటి ఎండకీ మధ్య రోజుకు పదిసార్లు తిరిగే మనకు ఆ నిదానం ఇంకా అవసరం. షుగర్, కిడ్నీ ఇబ్బందులున్నవాళ్లు ఖర్జూరం, బెల్లం విషయంలో డాక్టరు మాటే వినండి.

ఈసారి ఆగస్టు ఆఖర్లో ఒక్కరోజు తెల్లవారుజామున లేచి, పిల్లలకు ఆ చుక్కను చూపించండి. దానికి రెండు పేర్లున్నాయని చెప్పండి.