రెండో భాగానికి నాలుగు వందల ఏళ్లు

కొత్త సినిమా చూసొచ్చిన మనిషిని ఎదురైనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎలా ఉంది?" అని. ఆ సినిమా పేరు చివర 2 అనే అంకె ఉంటే మాత్రం ప్రశ్న మారుతుంది: "ఫస్ట్ పార్ట్ అంత ఉందా?" దీనికి చాలాసార్లు వచ్చే జవాబు పెదవి విరుపే. ఈ ప్రశ్నా, ఈ పెదవి విరుపూ సినిమాతో పుట్టినవి కావు. సినిమా పుట్టడానికి దాదాపు మూడు వందల ఏళ్ల ముందే పాఠకులు రెండో భాగాల గురించి ఇలాగే వాదించుకున్నారు. ఆ చరిత్రను మొదటి నుంచీ చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. రెండో భాగాన్ని నిర్మాత కంటే ముందు జనం నోరు పుట్టిస్తుంది. పుట్టాక దాన్ని తూచేదీ ఆ నోరే.

స్పెయిన్ దేశపు రెండో భాగం

1605లో మిగెల్ డి సెర్వాంటెస్ అనే స్పానిష్ రచయిత 'డాన్ క్విక్సోట్' నవల మొదటి భాగం అచ్చు వేయించాడు. వీరగాథలు చదివి చదివి మతి తప్పి, తానే ఒక మహావీరుడినని బయల్దేరిన పెద్దమనిషి కథ అది. జనం ఎగబడి చదివారు. రెండో భాగం ఎప్పుడా అని ఎదురుచూశారు. ఆ ఆత్రం చూసి 1614లో అవెల్లనెడా అనే మారుపేరుతో ఎవరో ఒక దొంగ రెండో భాగం రాసి వదిలారు. మరుసటి ఏడు, 1615లో, సెర్వాంటెస్ తన సొంత రెండో భాగం తెచ్చాడు.

అందులో ఆయన చేసిన పని ఈనాటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. చదువుకున్న కుర్రాడొకడు కథానాయకుడి ఇంటికి వచ్చి, మొదటి భాగం చదివిన జనం ఏమనుకుంటున్నారో పూసగుచ్చినట్టు చెబుతాడు. ఒకరికి గాలిమరల ఘట్టం నచ్చిందట, ఇంకొకరికి మరొకటి. నాయకుడు తన్నులు తినే చోట్లు కొన్ని తగ్గిస్తే బాగుండేదని కొందరు అన్నారట. సేవకుడి గాడిదను దొంగ ఎత్తుకుపోయాడని ఒక చోట రాసి, అది తిరిగి దొరికినట్టు చెప్పకుండానే మళ్లీ దాని మీద ఎక్కించారేమిటని పాఠకులు నిలదీశారట. రెండో భాగాలు ఎప్పుడూ బాగుండవన్న లోకాభిప్రాయం కూడా అక్కడే ప్రస్తావనకు వస్తుంది. అంటే సీక్వెల్ మీద జనానికున్న అనుమానం 1615 నాటికే అందరి నోళ్లలో నానుతోంది. ఆ అనుమానాన్ని కథలోనే పెట్టి రాసిన రెండో భాగాన్ని, మొదటిదాని కంటే గొప్పదని తర్వాతి విమర్శకులు చాలామంది మెచ్చుకున్నారు.

ఆ తర్వాత ఈ దారి రాచబాట అయింది. 1719 ఏప్రిల్‌లో డేనియల్ డెఫో 'రాబిన్సన్ క్రూసో' వచ్చింది, ఆ ఆగస్టుకే దాని కొనసాగింపు బజారులో ఉంది. మొదటిది ఇప్పటికీ పిల్లలు చదువుతున్నారు, రెండోది ఇప్పుడు పరిశోధకులకు తప్ప పట్టదు. 1893లో ఆర్థర్ కోనన్ డోయల్ తన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్‌ను కథలో చంపేస్తే పాఠకులు గగ్గోలు పెట్టారు. పదేళ్ల తర్వాత, 1903లో, ఆయన హోమ్స్‌ను బతికించి తీసుకురావలసి వచ్చింది. చదివేవాళ్ల పట్టుదల రాసేవాడి నిర్ణయాన్ని తిరగరాసిన ఉదాహరణ అది.

తెలుగువారికి ఉత్తర కథ

మనకు కొనసాగింపు కథ కొత్తేమీ కాదు. పట్టాభిషేకంతో రామాయణం ముగిసిందని ఊరుకోలేదు మనవాళ్లు. తిక్కన 'నిర్వచనోత్తర రామాయణం' రాశాడు, కంకంటి పాపరాజు 'ఉత్తర రామాయణం' రాశాడు. అదే ఉత్తర కథ 1934లో ఒకసారి, 1963లో మరోసారి 'లవకుశ'గా తెరకెక్కింది. రెండోదాన్ని ఎడ్ల బళ్లు కట్టుకుని టౌనుకు వెళ్లి చూసిన కుటుంబాల ముచ్చట్లు ఇప్పటికీ పెద్దల నోట వినిపిస్తాయి. నాటకరంగంలో తిరుపతి వేంకట కవులు భారత కథను పాండవ జననం నుంచి అశ్వమేధం దాకా వరస నాటకాలుగా రాశారు. వాటిలో 'పాండవోద్యోగం', 'పాండవ విజయం' పల్లెపల్లెనా ఆడాయి.

ఆ ప్రేక్షకుడికి కథ ముందే తెలుసు. రాయబారం చెడుతుందనీ తెలుసు, యుద్ధం జరుగుతుందనీ తెలుసు. తర్వాతేమవుతుందోనన్న ఉత్కంఠ కోసం కాకుండా, నటుడు పద్యం ఎలా ఎత్తుకుంటాడో, రాగం ఎంతసేపు నిలబెడతాడో చూడడానికి వచ్చేవాడు. బాగుంటే వన్స్ మోర్, లేకపోతే ఆ నటుడి పని అంతే. నిన్నటి కృష్ణుడితో నేటి కృష్ణుణ్ణి పోల్చి తెల్లారేదాకా చర్చించే అలవాటు మనకు అక్కడే అబ్బింది. సినిమా వచ్చాక ఆ అలవాటు హాలు గేటు దగ్గరికి చేరింది.

తెర మీద అంకెలు

పూర్తి నిడివి సినిమాల్లో తొలి సీక్వెల్‌గా చరిత్రకారులు తరచూ చెప్పేది 1916 నాటి అమెరికన్ మూకీ 'ది ఫాల్ ఆఫ్ ఎ నేషన్'. అంతకు ముందు ఏడాది వచ్చి దుమారం రేపిన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' పేరు మీద ఆధారపడి, ఆ చిత్రానికి మూలమైన నవల రాసిన థామస్ డిక్సన్ దీన్ని తీశాడు. దీని ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. 1933 మార్చిలో 'కింగ్ కాంగ్' విడుదలై పెద్ద విజయం సాధిస్తే, డిసెంబరుకల్లా 'సన్ ఆఫ్ కాంగ్' దించేశారు. హిట్టు వేడి చల్లారకముందే సొమ్ము చేసుకోవాలన్న తొందర అంత పాతది. 1935 నాటి 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' మాత్రం 1931లో వచ్చిన మొదటిదానికి దీటైనదని పేరు తెచ్చుకుంది.

మన దేశంలో బొంబాయి వాడియా మూవీటోన్ వారి 'హంటర్‌వాలీ' 1935లో వచ్చింది. కొరడా పట్టి గుర్రమెక్కిన నటి నాడియాను జనం ఎంతగా మెచ్చారంటే, 1943లో 'హంటర్‌వాలీ కీ బేటీ' వచ్చింది. మన దేశపు తొలి సీక్వెల్‌గా చాలామంది చెప్పేది దీన్నే. సత్యజిత్ రాయ్ 1955లో 'పథేర్ పాంచాలి', 1956లో దాని కొనసాగింపు 'అపరాజితో' తీశారు. తల్లికి దూరమయ్యే కొడుకు కథ బెంగాలీ ప్రేక్షకులకు అంతగా రుచించలేదు. 1957లో వెనిస్ చిత్రోత్సవంలో అదే సినిమా గోల్డెన్ లయన్ గెలిచింది. మొదటి రోజు మాట ఎప్పుడూ చివరి మాట కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

పేరు చివర అంకె పెట్టడం 1957లో బ్రిటిష్ చిత్రం 'క్వాటర్‌మాస్ 2'తో మొదలైందంటారు. ఆ అంకెకు గౌరవం తెచ్చింది మాత్రం 1974లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా తీసిన 'గాడ్‌ఫాదర్ పార్ట్ 2'. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న తొలి సీక్వెల్ అదే. అక్కడి నుంచి హాలీవుడ్‌లో అంకె ఒక వ్యాపార సూత్రమైంది. స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1975లో తీసిన సొర చేప సినిమా 'జాస్'కు 1978లో రెండో భాగం వచ్చింది, కానీ దానికి ఆయన దర్శకుడు కాదు. 1987లో నాలుగోది వచ్చేసరికి జనానికి సొర చేప అంటే భయం పోయి విసుగు మిగిలింది.

గేటు దగ్గర పుట్టిన టాక్

సింగిల్ స్క్రీన్ హాళ్ల రోజుల్లో టాక్ పుట్టే చోటు ఒకటుండేది. మార్నింగ్ షో వదిలేసరికి మ్యాట్నీ క్యూ గేటు బయట ఎదురుచూస్తూ ఉంటుంది. బయటికొచ్చే జనం, లోపలికెళ్లే జనం ఎదురుబొదురుగా తగులుతారు. "ఏమండీ, ఎలా ఉంది?" అంటే "ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ సాగదీశాడు" అని నడుస్తూనే తీర్పు చెప్పి సైకిల్ స్టాండు వైపు వెళ్లిపోయేవారు. సాయంత్రానికి ఆ మాట టీ కొట్టుకు, మర్నాటికి చివరి బస్సు వెళ్లే ఊరికి చేరేది. వాల్‌పోస్టర్లు, మైకు కట్టిన రిక్షాలు, కరపత్రాలు ఎన్ని ఉన్నా, ముక్కూమొహం తెలియని మనిషి చెప్పిన ఆ ఒక్క వాక్యానికే విలువ. అతనికి దానివల్ల లాభం లేదు, నష్టం లేదు. ఆ మాటకున్న బలమంతా అందులోనే ఉంది.

మల్టీప్లెక్సుల్లో వెళ్లే దారి వేరు, వచ్చే దారి వేరు. ఆ రెండు గుంపులు ఇప్పుడు ఎదురుపడవు. కానీ మాట ఆగలేదు, ఫోన్లలోకి చేరి ఇంకా వేగం పుంజుకుంది. శుక్రవారం మధ్యాహ్నానికే సినిమా జాతకం చెప్పేస్తున్నారు.

తెలుగు సీక్వెల్ నడక

రామ్‌గోపాల్ వర్మ నిర్మాణంలో శివనాగేశ్వరరావు 1993లో 'మనీ' తీశారు. ఖాన్ దాదాగా బ్రహ్మానందం జనానికి ఎంత దగ్గరయ్యారో చెప్పనక్కర్లేదు. ఆ ఊపులో 1995లో 'మనీ మనీ', చాలా కాలానికి 2011లో 'మనీ మనీ మోర్ మనీ' వచ్చాయి. 'ఆర్య' (2004) తర్వాత 'ఆర్య 2' (2009), 'కిక్' (2009) తర్వాత 'కిక్ 2' (2015), 'గబ్బర్ సింగ్' (2012) తర్వాత 'సర్దార్ గబ్బర్ సింగ్' (2016), 'మన్మథుడు' (2002) తర్వాత 'మన్మథుడు 2' (2019) వరసకట్టాయి. వీటిలో ఎక్కువ భాగం కథను కొనసాగించినవి కావు. పేరును, మహా అయితే పాత్ర స్వభావాన్ని, వాడుకున్నవి. జనం పాత సినిమాను వెతుక్కుంటూ వెళ్లారు, కొత్త సినిమా కనిపించింది. 'కిక్ 2', 'సర్దార్ గబ్బర్ సింగ్' విషయంలో ఆ నిరాశ వసూళ్లలోనూ కనిపించింది.

2015 జులై 10న ఈ లెక్క మారింది. 'బాహుబలి' మొదటి భాగం ఒక ప్రశ్నతో ఆగింది. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడన్న ఆ ప్రశ్నను జనం 2017 ఏప్రిల్ 28 దాకా మోశారు. బడిపిల్లలు, ఆఫీసువాళ్లు, సినిమా చూడని ముసలమ్మలు కూడా తలా ఒక జవాబు చెప్పారు. ఏ నిర్మాతా కొనలేని ప్రచారం అది. ఆ తర్వాత కథను రెండుగా విడగొట్టడం అలవాటైంది. ఒక్క సినిమాగా అనుకున్న 'పుష్ప'ను రెండుగా చేసి 2021లో, 2024లో విడుదల చేశారు. దాంతో పాటు ప్రేక్షకుడికి ఒక కొత్త ఫిర్యాదూ పుట్టింది: టికెట్ పూర్తిగా తీసుకుని కథ సగమే చెప్పారని.

2024 జులైలో వచ్చిన 'భారతీయుడు 2' ఇరవై ఎనిమిదేళ్ల నాటి జ్ఞాపకంతో పోటీపడవలసి వచ్చింది. సాగదీశారన్న మాట గట్టిగా వినిపించడంతో, విడుదలైన కొద్ది రోజులకే సుమారు 12 నిమిషాలు కత్తిరించారు. టాక్ ఎడిటింగ్ గదిలోకి నడిచి వెళ్లిన సందర్భమది. అదే ఏడాది 'టిల్లు స్క్వేర్'ను, రెండేళ్ల ముందు 'కార్తికేయ 2'ను జనం నెత్తిన పెట్టుకున్నారు. 'కార్తికేయ 2'కు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా దక్కింది.

నిరాశ ఎక్కడ పుడుతుంది

మామూలు సినిమాకు ఎవరూ రెండో భాగం తీయరు. కథ, నటులు, పాట, విడుదలైన సమయం అన్నీ కలిసొచ్చిన అరుదైన సినిమాకే తీస్తారు. అన్నీ రెండోసారి కూడా అలాగే కలిసిరావడం కష్టం. అందుకే సీక్వెల్ సాధారణ సినిమాతో కాకుండా ఉన్నవాటిలో మేటితో పోల్చుకుని ఓడిపోతుంది.

రెండో కారణం కథలోనే ఉంది. మంచి సినిమా చివర హీరో మారతాడు: బాధ్యత తెలుసుకుంటాడు, ప్రేమ గెలుస్తాడు, పగ తీర్చుకుంటాడు. అతన్ని మళ్లీ నడిపించాలంటే ఆ మార్పును చెరిపేయాలి. మనం ఆనందించిన ముగింపును మన కళ్ల ముందే రద్దు చేయాలి. 'హిట్' వరస ఈ చిక్కును తెలివిగా దాటింది. 2020, 2022, 2025ల్లో ప్రతిసారీ కొత్త కేసు, కొత్త పోలీసు అధికారి. ప్రపంచం పాతదే, కథ మాత్రం మొదటి నుంచి మొదలవుతుంది.

మూడోది అన్నిటికంటే బలమైనది. మొదటి భాగం ముగిసిన రాత్రి నుంచే ప్రేక్షకుడు రెండో భాగాన్ని తన మనసులో తీసుకుంటాడు. స్నేహితులతో మాట్లాడిన ప్రతిసారీ దానికో సీను కలుపుతాడు. దర్శకుడి సీక్వెల్ ఆ లక్షల సీక్వెళ్లతో పోటీపడాలి. ఆ పోటీలో నెగ్గినవి, ప్రేక్షకుడు ఊహించనిదాన్ని ఇచ్చి, అతను ప్రేమించినదాన్ని చెడగొట్టనివే.

అందుకే సినిమా చూసి మాట్లాడుకునే మామూలు జనం మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. మొదటి భాగాన్ని ఊరూరా మోసి హిట్టు చేసినవాళ్లు వాళ్లే, రెండో భాగం మీద నిరాశ పడే హక్కు కూడా వాళ్లదే. ఆ హక్కును సగమే వాడుకుంటున్నామని నా బాధ. "దొబ్బింది", "బొమ్మ బ్లాక్‌బస్టర్" అనే రెండు ముక్కలతో ఆపేస్తే తీసేవాడికి ఏమీ అందదు. ఎక్కడ విసుగొచ్చింది, ఏ పాత్రను ఎందుకు చిన్నబుచ్చారు, ఏ మలుపు నమ్మబుద్ధి కాలేదు అని చెబితే అందుతుంది. మరోసారి ఎవరైనా "ఫస్ట్ పార్ట్ అంత ఉందా?" అని అడిగితే కారణంతో సహా జవాబు చెప్పండి. బాగున్న మూడో భాగం రావడానికి ప్రేక్షకుడు చేయగలిగిన సాయం అంతకు మించి లేదు.