మోటారు సైకిల్ నిర్వహణ (గరిడేపల్లి ప్రాంతం)

మోటారు సైకిల్ నిర్వహణ అంటే బండి మొరాయించకముందే యజమాని క్రమం తప్పకుండా చేసే తనిఖీ, శుభ్రత, సర్దుబాట్లు. ఆగిపోయిన బండిలో లోపాన్ని వరుసగా వెతికి పట్టుకోవడమూ ఇందులో భాగమే. సూర్యాపేట జిల్లా గరిడేపల్లి మండలం నాగార్జునసాగర్ ఎడమ కాలువ ప్రాంతంలో ఉంది. ఇక్కడ ఒకే బండి పొలం గట్ల వెంటా తిరుగుతుంది, హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ రోడ్ల మీదా పరుగెడుతుంది. అందుకే సర్వీసింగ్‌కు కిలోమీటర్ల లెక్క ఒక్కటే చాలదు, పంట కాలాన్నీ చూసుకోవాలి.

కాలాన్ని బట్టి జాగ్రత్తలు

నాట్ల రోజుల్లో దమ్ము చేసిన మడుల బురద చైన్‌కు, బ్రేక్ డ్రమ్ములకు పట్టేస్తుంది. చైన్‌ను బ్రష్‌తో శుభ్రం చేసి, ఆరాక 90 నంబరు గేర్ ఆయిల్ పూయాలి. చైన్ కవరుకు ఉండే రబ్బరు మూత తీస్తే బిగువు తెలుస్తుంది. చాలా చిన్న బండ్లకు 20 నుంచి 30 మి.మీ. వదులు ఉండాలి. మరీ బిగిస్తే చైన్, స్ప్రాకెట్లు, బేరింగులు త్వరగా అరుగుతాయి.

కోతల్లో హార్వెస్టర్ లేపే పొట్టు, దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ను మూసేస్తాయి. ఫోమ్ ఫిల్టర్‌ను కడిగి వాడుకోవచ్చు. నూనె పట్టించిన కాగితపు ఫిల్టర్‌కు మాత్రం గాలి కొట్టకూడదు, కొత్తది వేయాలి. రోడ్డు మీద ఆరబోసిన వడ్లపై చక్రం జారుతుంది కాబట్టి ఈ రోజుల్లో టైర్ల గాళ్లు, బ్రేకులు తప్పక చూసుకోవాలి.

ఎండాకాలంలో టైర్లు చల్లగా ఉన్న ఉదయం పూటే గాలి కొలిపించాలి. ఎంత గాలి ఉండాలో బండి మీది స్టిక్కర్‌లో ఉంటుంది. వెనుక మనిషి కూర్చుంటే వెనుక టైరుకు ఎక్కువ గాలి కావాలి.

ఇంజిన్ ఆయిల్

చాలా బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్ పోస్తే అవి జారే ప్రమాదముంది. డబ్బా మీద ‘జాసో ఎంఏ’ లేదా ‘ఎంఏ2’ గుర్తు చూసి, కంపెనీ పుస్తకం చెప్పిన గ్రేడు, గడువు పాటించాలి.

స్టార్ట్ కాకపోతే

1. ట్యాంకులో పెట్రోల్, కిల్ స్విచ్, సైడ్ స్టాండు, న్యూట్రల్ చూడాలి.
2. సెల్ఫ్ నొక్కితే టిక్కుటిక్కుమని ఆగితే బ్యాటరీ దిగిపోయి ఉండవచ్చు, లేదా దాని టెర్మినళ్లు వదులై ఉండవచ్చు. నిలిపి ఉంచిన బండిలో నిండిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది.
3. ప్లగ్గు విప్పి చూడాలి. నల్లగా మసి పట్టినా, పెట్రోల్‌తో తడిసినా శుభ్రం చేయాలి, అరిగితే మార్చాలి.
4. కార్బొరేటర్ బండ్లలో చోక్, పెట్రోల్ కాక్ చూడాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 ప్రమాణాలు వచ్చాక చాలా బండ్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. వాటిలో ఇంజిన్ హెచ్చరిక దీపం ఆరకపోతే మెకానిక్ మిషన్ పెట్టి చూడాలి.

నడిచేటప్పుడు కనిపించే లోపాలు

- శబ్దం పెరిగినా వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ముందు కేబుల్ వదులు చూడాలి.
- నీలి పొగ ఆయిల్ కాలుతోందని, నల్ల పొగ పెట్రోల్ ఎక్కువ పోతోందని చెబుతాయి.
- హ్యాండిల్ ఊగితే టైరు గాలి, చక్రాల బేరింగులు, హ్యాండిల్ కోన్‌సెట్ పరీక్షించాలి.

ఎప్పుడు మెకానిక్‌ను పిలవాలి

బ్రేకు మెత్తబడినా, డిస్క్ ఆయిల్ తగ్గినా, పెట్రోల్ వాసన వచ్చినా బండి నడపకూడదు. కోదాడ, సూర్యాపేటల మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కేవారు బ్రేకులు, లైట్లు, టైర్లు చూశాకే బయలుదేరాలి. ఆ రోడ్డు మీద లారీలు, బస్సుల మధ్య బండి ఆగితే ప్రాణాలకే ముప్పు.