చెకుముకి తుపాకియు వంశచరిత్రయు

మన సీమలోని కొన్ని ప్రాచీనగృహములయందు దూలమునకు వ్రేలాడు తుపాకిని జూపి, “కొండవీటి యుద్ధమున మా పూర్వులు పట్టినది” యనుట మేము పలుమారులు వింటిమి. కృష్ణదేవరాయలు కొండవీడు గైకొన్నది 1515లో. చెకుముకి తుపాకి ఫ్రాన్సున పుట్టినది 17వ శతాబ్దారంభమున. కావున నా మాట పొసగదు.

ఆయుధమే తన వయస్సును దెలుపును. దవడలలో బిగించిన చెకుముకిరాయి ఉక్కురేకును దాకగా రవ్వలు చిన్నపళ్లెరములోని మందుపై బడును. ఆ నిప్పు రంధ్రముగుండ గొట్టములోని మందును రగుల్చును. రాతికి మాఱుగా టోపీ తొడుగు మొలక యున్నచో నది 19వ శతాబ్దపుది, లేదా యప్పుడు మార్చబడినది.

గుంటూరు సర్కారు కంపెనీవారి వశమైనది 1788లో. అమరావతి నేలిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు 1816లో దివంగతులైరి. చెకుముకి తుపాకి యా జమీందారీకాలపు సాక్షి. అదియు గౌరవమునకు దక్కువ కాదు.

వీనిని పేల్చిచూచు నుబలాటము వలదు. త్రుప్పుపట్టిన గొట్టము పగిలి ప్రాణము దీయును. మరమ్మతు చేసినను పేలని ప్రాచీనాయుధములకు 1959 ఆయుధచట్టమున మినహాయింపు కలదు. పేలగలదానిని అధికారులకు దెలుపవలెను. ఇనుపతూకమున కమ్మక, ఇంటిపెద్దలు చెప్పినదానిని వ్రాసియుంచి కాపాడుడని ప్రార్థించుచున్నాము. వంశగౌరవమునకు సత్యమే చాలును.