దయ్యాల మీటరు ఎవరిని పట్టిచూపుతుంది?



మన రామసముద్రం యౌవనస్థుల ఫోనుల్లో ఒక రకం వీడియోలు తిరుగుతున్నాయి. అర్ధరాత్రి, పాడుబడిన ఇల్లు, చేతిలో చిన్న పెట్టె. దానిని ఈఎంఎఫ్ మీటరు అంటారు. దానిమీద పచ్చదీపం పోయి ఎర్రదీపం వెలగగానే "ఇక్కడ ఆత్మ ఉంది" అని చెబుతారు. "అయ్యగారూ, మనిషి అబద్ధమాడతాడు గానీ మిషను ఆడదు కదా?" అని పిల్లలు మమ్మును అడుగుతున్నారు. మంచి ప్రశ్నే. జవాబు కోసం ఆ మీటరు చరిత్రను కాస్త చూద్దాము.

1820లో డెన్మార్క్ దేశంలో ఓర్‌స్టెడ్ అనే పండితుడు కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం కనిపెట్టాడు. 1831లో లండన్‌లో మైకేల్ ఫారడే మరో అడుగు వేశాడు. తీగచుట్ట దగ్గర అయస్కాంత బలం మారుతూ ఉంటే ఆ చుట్టలో కరెంటు పుడుతుందని చూపించాడు. ఇలాంటి మీటర్లలో సాధారణంగా ఉండేది ఆ తీగచుట్టే. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది. కాబట్టి గోడలోని వైరు, ఫ్యాను, బోరు మోటారు, ట్రాన్స్‌ఫార్మరు, వీటిలో ఏది దగ్గరున్నా మీటరు పలుకుతుంది. పాడుబడిన ఇంట్లో కరెంటు లేకపోయినా, పట్టుకెళ్లిన సెల్‌ఫోనుకే కొన్ని మీటర్లు ఎర్రబడతాయి.

ఈ ఫారడే ఎవరు? ఒక కమ్మరివాని కుమారుడు. సాండెమనియన్లు అనే చిన్న క్రైస్తవ సంఘంలో పెద్దగా సేవచేసిన విశ్వాసి. 1853లో ఇంగ్లండులో బల్లలు తిప్పే వేడుక ఒక పిచ్చిలా వ్యాపించింది. నలుగురు బల్ల చుట్టూ చేతులు ఆనించి కూర్చుంటే బల్ల కదిలేది. ఆత్మలని కొందరు, విద్యుత్తు అని కొందరు అన్నారు. ఫారడే ఎవరినీ ఎగతాళి చేయకుండా, చేతులకూ బల్లకూ నడుమ అట్టలను పొరలుగా పెట్టి మెత్తని జిగురు ఉండలతో అతికించాడు. బల్ల చేతులను లాగితే కింది అట్ట ముందు జరగాలి. చేతులు బల్లను తోస్తే పై అట్ట ముందు జరగాలి. పై అట్టే ముందు జరిగింది. తరువాత, చేతులు ఏ కొంచెం తోసినా కనబడేలా ఒక సూచిక అమర్చాడు. కూర్చున్నవారు దానిని చూస్తున్నంతసేపు బల్ల కదలలేదు! వారు మోసగాళ్లు కారు, తమకు తెలియకుండానే తోశారు అని ఆయన తేల్చాడు.

ప్రియులారా, ఆత్మలను కొలుస్తానని ఆయన అనలేదు. మనుష్యుల చేతులను కొలిచాడు. తన పనిముట్టు జవాబు చెప్పగలిగిన ప్రశ్ననే దానిని అడిగాడు.

ఇలాంటి పరిశోధన మనకు దగ్గరకూ వచ్చింది. 1882లో లండన్‌లో అతీంద్రియ విషయాల పరిశోధనకు ఒక సంఘం ఏర్పడింది. మద్రాసు అడయారులో దివ్యజ్ఞాన సమాజంవారి గదిలో ఒక అల్మరాలోకి మహాత్ముల ఉత్తరాలు వస్తున్నాయన్న మాట తేల్చడానికి ఆ సంఘం 1884లో రిచర్డ్ హాడ్జ్‌సన్‌ను పంపింది. ఆయన వచ్చేనాటికే అల్మరా లేదు. గోడలు చూసి, సాక్షులను విచారించి, అది మోసమని 1885లో నివేదించాడు. అయితే 1986లో అదే సంఘపు పత్రికలో వెర్నన్ హారిసన్ ఆ నివేదికనే తప్పుపట్టాడు. పరీక్షించేవాణ్ణి కూడా పరీక్షించాలన్నమాట. ఆ సమాజపు నాయకురాలు అనీబిసెంటే 1915లో మన మదనపల్లెలో కళాశాల పెట్టించింది. ఎన్ని తరాలు అక్కడ చదువుకున్నాయో మనకు తెలుసు. కృతజ్ఞత వేరు, పరీక్ష వేరు.

ఇప్పుడు మీటరు దగ్గరకు రండి. ఎర్రదీపం చెప్పేది ఒక్కటే: ఇక్కడ విద్యుదయస్కాంత బలం ఉంది. అది ఆత్మవల్ల కలిగిందనాలంటే, ఆత్మలు అలాంటి బలాన్ని పుట్టిస్తాయని ముందు రుజువు కావాలి. అలాంటి రుజువు ఎవరూ చూపలేదు. నిజంగా తెలుసుకోవాలనేవారు మెయిను స్విచ్చు ఆపి, ఫోనులు దూరంగా పెట్టి, ఒకేచోట పలుమార్లు కొలవాలి. ఏ దయ్యమూ లేదనుకునే పక్కింట్లోనూ కొలవాలి. వీడియోలలో ఇది ఎంత అరుదో గమనించండి.

ఇది వేడుక మాత్రమే అయితే మేము ఇంత వ్రాయము. మన పల్లెల్లో మూర్ఛ వచ్చిన పిల్లను "గాలి సోకింది" అని మిరపకాయల పొగ పెట్టేవారు ఇంకా ఉన్నారు. రేపు ఎవరైనా ఆ పిల్ల పక్కన మీటరు పెట్టి ఎర్రదీపం చూపిస్తే, కొట్టే చేతికి సాక్ష్యం దొరికినట్టే. ఆ సంఘం పుట్టిన 1882లోనే జర్మనీలో రాబర్ట్ కోచ్ సూక్ష్మదర్శినితో క్షయ క్రిమిని చూపించాడు. అదీ పనిముట్టే. 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో మిషనులు కలిసి క్షయ ఆసుపత్రి తెరిచినప్పుడు, డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ వంటి విశ్వాసులు ప్రార్థన మానలేదు, పరీక్షా మానలేదు.

మన ప్రభువు తిరిగి లేచి కనబడినప్పుడు శిష్యులు భూతమనుకొని భయపడ్డారు. ఆయన వారిని గద్దించి ఊరుకోలేదు. చేతులు, పాదాలు చూపించాడు, తాకి చూడమన్నాడు, వారి ముందే కాల్చిన చేప తిన్నాడు. సత్యము పరీక్షకు వెరవదు.

కాబట్టి సేవకులారా, ఆ పెట్టెను విడుదల కూటాలలోకి తేకండి. తల్లిదండ్రులారా, బిడ్డకు మూర్ఛ వస్తే ముందు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మేమూ వెంట వచ్చి ప్రార్థిస్తాము. యౌవనస్థులారా, దీపం ఎర్రబడినప్పుడు ముందుగా మీ జేబులోని ఫోను చూసుకోండి, తరువాత మీ మనసులోని భయం చూసుకోండి.

ప్రభువు మనకు వివేచన దయచేయును గాక. ఆమేన్.