తొక్కుడు విద్య

తెలుగులో సైకిల్ ఎక్కడం వేరు, తొక్కడం వేరు. వెనక క్యారియర్ మీద కూర్చున్నవాడు ఎక్కినవాడే గానీ తొక్కేవాడు కాడు. కారుకి ఈ మాట లేదు. కారు నడుపుతారు, లారీ తోలుతారు. రిక్షాని, కుట్టుమిషన్‌ని, ఒకప్పుడు పొలంలో ఏతాన్ని మాత్రం తొక్కారు. ఒంటి బరువు అరికాల్లోంచి దిగి పనిగా మారే చోటల్లా మన భాష ఆ ఒక్క క్రియనే పిలిచింది. కారులో కూడా బ్రేకు, క్లచ్చు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ‘తొక్కు’ అనే అంటాం. డ్రైవింగ్ స్కూల్లో పక్క సీట్లోంచి వినబడే మొదటి అరుపూ అదే.

ఇంత సహజంగా అనిపించే ఈ పని అంత పాతదేమీ కాదు. రెండు చక్రాల బండి పుట్టాక కూడా దాదాపు యాభై ఏళ్ళు దానికి పెడల్ లేదు. 1817 జూన్ 12న జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే ఆయన ఒక చెక్కబండి మీద ఊరి బయటికి వెళ్ళాడు. ముందొకటి, వెనకొకటి చక్రం, మధ్యలో కూర్చునే దూలం, అంతే. పాదాలతో నేలను వెనక్కి తన్నుకుంటూ పోవాలి. చేత్తో తిప్పే సానరాయికి ఉన్న వంపు కడ్డీ అప్పటికే ఊరూరా ఉంది. దాన్ని చక్రానికి తగిలించడం పెద్ద పనేమీ కాదు. అయినా ఎవరూ చెయ్యలేదంటే, అడ్డం వచ్చింది ఇనుము కాదు, భయం అనుకోవాలి. రెండు కాళ్ళూ ఒకేసారి నేల వదిలేస్తే పడిపోకుండా ఉండగలమని మనిషి నమ్మడానికి అంత కాలం పట్టింది.

ఆ నమ్మకం 1860లలో పారిస్‌లో కుదిరింది. ముందు చక్రం ఇరుసుకే రెండు వంపు కడ్డీలు, వాటి కొసన పెడళ్ళు. మొదట తగిలించింది ఎవరన్న తగువు ఇంకా నడుస్తూనే ఉంది. బండ్లు చేసే పియేర్ మిషో పేరు కొందరు చెబుతారు, పియేర్ లాలెమాన్ పేరు ఇంకొందరు. కాగితం మాత్రం లాలెమాన్ పక్షాన ఉంది: అమెరికా వలసపోయి, 1866 నవంబరు 20న అక్కడ పేటెంటు తీసుకున్నాడు. పేటెంటు వచ్చింది గానీ డబ్బు రాలేదు. 1891లో బోస్టన్‌లో అనామకంగా చనిపోయాడు.

ఆ తొలి పెడల్ కాలి కింద ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు. చిన్నపిల్లల మూడు చక్రాల సైకిల్‌కి ఇప్పటికీ అదే ఏర్పాటు. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకే చుట్టు. కాబట్టి వేగం కావాలంటే చక్రాన్ని పెంచడం ఒక్కటే దారి. అలా పెంచుకుంటూ పోయి 1870లలో ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తుకి వచ్చింది. ఎంత పెద్ద చక్రం అన్నది కొనేవాడి కాళ్ళ పొడవును బట్టి. చొక్కా కొలత ఇచ్చినట్టు కాలి కొలత ఇచ్చి బండి కొనేవారు. ఆ అంగుళాల లెక్క ఇంగ్లీషు సైక్లిస్టుల దగ్గర నేటికీ మిగిలింది: గేరు ఎంత బరువో చెప్పడానికి, అది ఎన్ని అంగుళాల పెద్ద చక్రానికి సమానమో చెబుతారు. చక్రం పోయింది, కొలత ఉండిపోయింది.

ఆ బండి పల్లంలో దిగుతున్నప్పుడు పెడళ్ళు ఆగవు. చక్రంతో పాటు అవీ గిర్రున తిరుగుతాయి. పాదం వాటిని అందుకోలేదు. అందుకని అనుభవజ్ఞులు కాళ్ళెత్తి హ్యాండిల్ మీద వేసుకుని దేవుడి మీద భారం వేసేవారు. 1885లో ఇంగ్లండులోని కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిల్‌తో ఈ సర్కస్‌ని ముగించాడు. రెండూ ఇంచుమించు సమానమైన చక్రాలు, పెడళ్ళు మధ్యలో, చెయిన్ వెనక చక్రానికి. ఇప్పుడు వీధిలో పోయే ఏ సైకిల్‌ని చూసినా దాని ఎముకల గూడు అదే. అయినా పల్లంలో పెడళ్ళు తిరుగుతూనే ఉండేవి. కాళ్ళు పెట్టుకోవడానికి ముందు ఫోర్కుకి చిన్న మెట్లు బిగించేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రీవీల్ వాడుకలోకి వచ్చాక గానీ కాలికి విశ్రాంతి దొరకలేదు. తొక్కడం ఆపినా బండి పోతుంది, వెనక టికటికమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు కోసమే పెడల్‌ని వెనక్కి తిప్పని కుర్రవాడు తెలుగునాట ఉండడు.

ఈ కథలో అందరూ చూసీ చూడని వింత ఒకటి ఎడమ పెడల్‌లో దాక్కుంది. దాని మర ఎదురు మర. కుడి పెడల్ మామూలు బోల్టులాగే బిగుస్తుంది. ఎడమది తిరగేసి బిగించాలి. ఇది తెలియక మొదటిసారి స్పానర్ పట్టినవాడు విప్పుతున్నాననుకుని బిగించుకుంటూ పోతాడు. సైకిల్ షాపులో కుర్రవాడికి నేర్పే గుర్తు తేలిక: స్పానర్ పైకి ఉండేలా పెట్టి వెనక చక్రం వైపు లాగితే ఏ పక్కదైనా ఊడుతుంది. కారణం మాత్రం అంత తేలిక కాదు. పెడల్ తిరిగేటప్పుడు బేరింగు రాపిడి ఇరుసుని ఒక దిక్కుకి లాగుతుంది. కాలి బరువు పడ్డ ఇరుసు తన గూట్లో సన్నగా దొర్లుతూ దానికి ఎదురు దిక్కుకి జరుగుతుంది. రెండోదే గెలుస్తుంది. మామూలు మర పెడితే ఎడమ పెడల్ దారిలో ఊడి కాలి కింద నుంచి జారిపోయేది. అమెరికాలోని డేటన్‌లో సైకిల్ షాపు నడిపిన ఇద్దరు అన్నదమ్ములు ఊడిరాని పెడల్ అంటూ ఈ ఎదురు మరతో 1900లో తమ సైకిళ్ళని అమ్మారు. వాళ్ళ పేర్లు విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. మూడేళ్ళ తర్వాత వాళ్ళు ఎగరేసిన విమానంలో కూడా ఇంజన్ నుంచి ప్రొపెల్లర్లకి శక్తిని మోసింది చెయినే.

మన దగ్గరికి వచ్చిన సైకిల్ ఇంగ్లండు నమూనాదే. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. నల్లటి బండి, ఒకటే గేరు, ఇరవై కిలోల ఇనుము, పెడల్‌కి రెండు రబ్బరు దిమ్మలు. ఆ రబ్బరు మీద చెప్పులు జారవు, వట్టికాలికి నొప్పి పుట్టదు. కాలక్రమంలో అది అరిగి, పగిలి, ఓ రోజు ఊడిపోయి వట్టి ఇరుసు కడ్డీ మిగులుతుంది. హవాయి చెప్పు మధ్యలో గాడి పడేట్టు దాని మీదే ఏళ్ళ తరబడి తొక్కినవాళ్ళున్నారు. సీటు అందని పిల్లలు కడ్డీ కింద నుంచి కుడికాలు దూర్చి, ఒళ్ళంతా ఓ పక్కకి వంచి, సగం సగం తొక్కుతూ నేర్చుకున్నారు. పెడల్ పూర్తి చుట్టు తిరగదు. కిందికి సగం, మళ్ళీ పైకి సగం. ఈ విద్యకి ఊరికో పేరుంది. బండి ఎక్కడ చెడిందో చెవికన్నా ముందు పాదానికే తెలిసేది. ప్రతి చుట్టులోనూ ఒకేచోట ‘టక్’మని తగిలితే, పెడల్ కడ్డీని ఇరుసుకి బిగించే కాటర్ పిన్ అరిగినట్టు. షాపతను సుత్తితో రెండు దెబ్బలు వేసేవాడు, వారం రోజులకి మళ్ళీ అదే ‘టక్’.

పందేల సైకిళ్ళు వేరే దారి పట్టాయి. అక్కడ పాదం పెడల్ మీద ఆనడం చాలదు, అతుక్కోవాలి. చాలాకాలం క్లిప్ అనే ఇనుప కొక్కెం, తోలు పట్టీతో బూటుని కట్టేసుకునేవారు; పడిపోతే పట్టీ విప్పుకునే వ్యవధి ఉండదు. మంచు మీద జారే స్కీ పలకలకి బూట్లని బిగించే సాధనాలు చేసే ఫ్రెంచి కంపెనీ లుక్, ఆ కిటుకునే 1984లో పెడల్‌కి తెచ్చింది: అడుగు వేస్తే ‘క్లిక్’మని పడుతుంది, మడమ పక్కకి తిప్పితే వదులుతుంది. మరుసటి ఏడే బెర్నార్ ఇనో ఆ పెడళ్ళతో టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. వీటిని క్లిప్‌లెస్ పెడళ్ళంటారు. క్లిక్‌మని పట్టుకునేదానికి క్లిప్ లేనిదని పేరు పెట్టిన ఘనత ఇంగ్లీషుది.

కారు దగ్గరికి వస్తే, ఏ కాలికి ఏ పని అన్నది మొదట్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు పంచారు. 1908లో వచ్చి 1927 దాకా కోటిన్నరకి పైగా అమ్ముడుపోయిన ఫోర్డ్ మోడల్ టీ సంగతి చూస్తే నేటి డ్రైవరు బెంబేలెత్తిపోతాడు. దానికీ మూడు పెడళ్ళే. కుడివైపుది బ్రేకు. మధ్యది రివర్సు. ఎడమది క్లచ్చూ, గేరూ కలిసినది: అడుగంటా తొక్కితే కింది గేరు, సగం దాకా వదిలితే న్యూట్రల్, పూర్తిగా వదిలేస్తే పై గేరు. యాక్సిలరేటర్ కాలి కింద లేనే లేదు. అది స్టీరింగు కింద కుడిచేతి పుల్ల. తొలినాళ్ళ బండ్లలో పెడళ్ళ మీద అక్షరాలు కూడా పోతపోసేవారు, కాలు చదువుకుంటుందని కాబోలు.

దాని తొక్కుడులో ఉన్న శ్రమ వేరు. కొండ ఎక్కుతున్నంతసేపూ ఎడమ పెడల్‌ని నేలకి అదిమి పట్టే ఉంచాలి. కొంచెం సడలిస్తే బండి న్యూట్రల్‌లోకి జారిపోతుంది. తొక్కినప్పుడు లోపల డ్రమ్ము చుట్టూ పట్టీ బిగుసుకుంటుంది, కాబట్టి పట్టీ ఎంత అరిగిందో పిక్కకి తెలిసిపోయేది. బ్రేకు పట్టీ మరీ అరిగితే రివర్సు పెడల్ తొక్కి బండిని ఆపేవారు. నిటారు కొండ అయితే ఇంకో చిట్కా. పెట్రోలు సీటు కింది ట్యాంకు నుంచి వాలుని బట్టే ఇంజనుకి పారేది, కొండ నిటారైతే అందేది కాదు. అందుకని బండిని తిప్పి, రివర్సులో వెనక్కి ఎక్కించేవారు. ఇన్ని విద్యలు నేర్చిన కాళ్ళు, 1927 డిసెంబరులో మోడల్ ఏ వచ్చాక, అన్నీ మరిచి మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

ఎందుకంటే ఈలోగా ఇంకో వరస గెలిచింది. ఎడమ క్లచ్, మధ్య బ్రేకు, కుడి యాక్సిలరేటర్. 1916 నాటి ఒక కాడిలాక్‌లో ఈ వరస ఉంది. 1922లో వచ్చిన చవక బండి ఆస్టిన్ సెవెన్ దాన్ని బ్రిటన్‌లో మామూలు జనం దాకా తీసుకెళ్ళింది. ఇదే ఎందుకు గెలవాలీ అంటే గట్టి జవాబు లేదు. మధ్యలో యాక్సిలరేటర్, కుడి చివర బ్రేకు ఉన్న బెంట్లీలు 1920లలో హాయిగా తిరిగాయి. 1957లో జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్‌లో పందేల డ్రైవరు ఫాంజియో గెలిచిన పందెం మోటారు క్రీడల్లోనే గొప్పదంటారు. ఆయన నడిపిన మసరాటీ 250ఎఫ్‌లోనూ యాక్సిలరేటర్ మధ్యలోనే.

భారతదేశంలో ఈ తికమకని కారుకన్నా ఎక్కువగా చూపింది మోటార్ సైకిల్. మద్రాసులో తయారైన బుల్లెట్‌కి దశాబ్దాలపాటు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఒకటి పైకి, మూడు కిందికి. న్యూట్రల్ దొరక్కపోతే మడమతో తొక్కడానికి పక్కనే ఇంకో చిన్న పుల్ల. మైసూరులో తయారైన జావా, యెజ్డీలకి గేరు ఎడమన. పైగా అదే పుల్లని లేపితే కిక్ రాడ్. రెండు బండ్లూ ఉన్న ఇంట్లో ఒకదాని మీది నుంచి దిగి ఇంకోటి ఎక్కినవాడు మొదటి మలుపు దాకా జాగ్రత్తగానే ఉంటాడు. మలుపులో ఎదురుగా ఆవు వస్తే పాత కాలే లేస్తుంది, బ్రేకు అనుకుని గేరు తొక్కుతుంది. 1970ల మధ్యలో అమెరికా ప్రభుత్వం గేరు ఎడమకే ఉండాలని నియమం పెట్టడంతో ప్రపంచమంతా అటు మళ్ళింది. బుల్లెట్ మాత్రం తొందరపడలేదు. ఈ శతాబ్దంలోకి వచ్చాక గానీ పక్క మార్చలేదు. కుడి గేరు బండి కోసం ఇప్పటికీ ప్రత్యేకంగా వెతికే అభిమానులున్నారు.

అంబాసిడర్ నడిపిన ఎడమ కాలికి ఇంకో ఉద్యోగం కూడా ఉండేది. క్లచ్ పక్కన నేల మీద ఓ బొత్తం. ఎదురుగా లారీ వస్తే దాన్ని తొక్కి లైట్లు డిమ్ చెయ్యాలి. ఇక బ్రేకు సంగతి మెకానిక్ దగ్గర చెప్పే తీరే వేరు. ‘స్పాంజిలా ఉంది’ అంటే పైపులో గాలి చేరినట్టు. ‘కిందికి పోతోంది’ అంటే ఆయిల్ ఎక్కడో కారుతోంది. ‘రెండుసార్లు కొడితే పడుతోంది’ అంటే ఇంటి దాకా మెల్లగా వెళ్ళమని. ఈ భాష హైడ్రాలిక్ బ్రేకుతో వచ్చింది. కార్ల కంపెనీ డ్యూసెన్‌బర్గ్ 1921లోనే నాలుగు చక్రాలకీ అది బిగించింది. 1955లో సిట్రోయెన్ డీఎస్ పెడల్‌నే తీసేసి పుట్టగొడుగు లాంటి రబ్బరు బొత్తం పెట్టింది. అది దాదాపు కదలదు, పాదం ఎంత నొక్కిందన్నదే లెక్క. కొత్తవాళ్ళు మామూలుగా తొక్కేసరికి అందరి తలలూ ముందు అద్దం వైపు వెళ్ళేవి. 1978లో మెర్సిడెస్ కార్లకి, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వచ్చింది. గట్టిగా తొక్కినప్పుడు అది కాలి కింద గరగరలాడుతూ తిరిగి తన్నుతుంది. బండి పాడైందనుకుని సరిగ్గా తొక్కాల్సిన క్షణాన కాలు తీసేసినవాళ్ళు చాలామంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కార్లకి అది తప్పనిసరి, ఆ గరగర ఇప్పుడు తెలిసిన చప్పుడే.

తప్పు పెడల్ తొక్కడం చిన్న విషయం కాదని 1980లలో అమెరికాలో తేలింది. ఆడి 5000 కార్లు వాటంతటవే దూకుతున్నాయని 1986లో టీవీ కార్యక్రమం వచ్చి గగ్గోలు పుట్టింది, అమ్మకాలు కుప్పకూలాయి. 1989లో రహదారి భద్రతా సంస్థ నివేదిక ఇచ్చింది: చాలా సందర్భాల్లో డ్రైవర్లు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కారు. ఆటోమేటిక్ కారులో బ్రేకు తొక్కితే తప్ప పార్కింగ్ నుంచి గేరు కదలని ఏర్పాటు ఆ గొడవ తర్వాతే విస్తరించింది.

ఇప్పటి కారులో యాక్సిలరేటర్ వెనక తీగ లేదు. ఒక స్ప్రింగు, ఒక సెన్సారు. కాలికి తగిలే బిగువు ఇంజన్‌ది కాదు, కాలి కోసం విడిగా తయారు చేసినది. కొన్ని హైబ్రిడ్, విద్యుత్ కార్లలో బ్రేకు కూడా అంతే; పాదానికి ఎదురు తోసేది వేరే సిలిండరు, చక్రాన్ని ఆపేది వేరే యంత్రం. బ్యాటరీ కారులో కుడి పెడల్ వదిలితేనే బండి నెమ్మదిస్తుంది, బ్రేకుతో పని సగం తగ్గుతుంది.

హైదరాబాద్‌లో గేర్ల కారు నడిపి అమెరికా వెళ్ళినవాళ్ళకి మొదటి వారంలో చేతులు తప్పుతాయి. మలుపులో ఇండికేటర్ బదులు వైపర్ ఆడుతుంది. పాదాలు తప్పకూడదు నిజానికి, పెడళ్ళ వరస రోడ్డుకి ఏ పక్క నడిపినా ఒకటే. కానీ అక్కడ ఎక్కువ కార్లు ఆటోమేటిక్, క్లచ్ ఉండదు, ఆ జాగా కూడా కలుపుకుని బ్రేకు వెడల్పుగా ఉంటుంది. సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి ఎడమ కాలు అలవాటు చొప్పున క్లచ్ కోసం లేచి, క్లచ్‌ని తొక్కినట్టే అడుగంటా తొక్కుతుంది. వెనక సీట్లోంచి కేక, వెనక కారులోంచి హారన్.