అచ్చులో దొరికిపోయిన మాటలు

చిన్ననాటి నుంచి నాకొక దురలవాటు ఉన్నది. పకోడీలు పూర్తయిన తరువాత పొట్లం పారవేయను. విప్పి, మడతలు సరిచేసి, నూనె మరకల నడుమ మిగిలిన అక్షరాలను ఓపికగా చదువుకుంటాను. వార్త సగానికే చిరిగిపోయి ఉంటుంది గాని శీర్షిక మాత్రం దర్జాగా నిలిచి ఉంటుంది. ఆ శీర్షిక పెట్టిన ఉపసంపాదకుడు నాకంటె ఎంతో పండితుడై ఉండవచ్చు. అయినా ఆయనకు తెలియనిది నాకొకటి తెలుసు: మర్నాడు ఏం జరిగిందో! పాత పత్రికలు చదవడంలోని వినోదమంతా ఈ ఒక్క అన్యాయమైన సౌకర్యంలోనే ఉన్నది.

ఈ వినోదానికి న్యూయార్క్ టైమ్స్ వంటి పెద్ద పత్రిక కూడా చక్కని సరుకు సమకూర్చింది. 1903 అక్టోబరులో లాంగ్లీ అనే శాస్త్రజ్ఞుడి విమానం పోటోమాక్ నదిలో కూలింది. వెంటనే ఆ పత్రిక ‘ఎగరని ఎగిరే యంత్రాలు’ అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక సంపాదకీయం వెలువరించింది. నిజంగా ఎగిరే యంత్రం తయారు కావాలంటే గణితవేత్తలూ యంత్రనిపుణులూ కలిసి పది లక్షల నుంచి కోటి సంవత్సరాల దాకా శ్రమించవలసి ఉంటుందని అందులో లెక్క తేల్చింది. మన పంచాంగకర్తలు సైతం అంత దూరం పోరు. రెండున్నర నెలలైనా తిరగకముందే, డిసెంబరు 17న, రైట్ సోదరులు ఎగరనే ఎగిరారు. మొదటి గంతు 12 సెకండ్లు, 120 అడుగులు. కోటి సంవత్సరాల గడువును 12 సెకండ్లు కొట్టివేశాయి.

అంతటితో బుద్ధి వచ్చిందా అంటే, లేదు. రాకెట్టు శూన్యంలో పనిచేయదనీ, గొడార్డ్ అనే ఆచార్యుడికి ఉన్నతపాఠశాల పిల్లలకు తెలిసిన విజ్ఞానం కూడా లేదనీ 1920 జనవరిలో అదే పత్రిక మందలించింది. 1969 జూలై 17న, అనగా అపోలో 11 చంద్రుడి దారి పట్టిన మర్నాడు, ‘పొరపాటుకు చింతిస్తున్నాము’ అన్న ధోరణిలో ఒక చిన్న సవరణ వేసింది. గొడార్డ్ గతించి అప్పటికి 24 ఏళ్ళు. సవరణ రావడానికి పట్టిన కాలం 49 ఏళ్ళు. కోటి సంవత్సరాలతో పోలిస్తే త్వరగానే వచ్చిందని సరిపెట్టుకోవాలి.

నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైన శీర్షిక కూడా ఆ పత్రికదే. 1919లో సూర్యగ్రహణ పరిశీలనల వలన ఐన్‌స్టీన్ సిద్ధాంతం నిలిచిందని తేలినప్పుడు, నవంబరు 10న, ఆకాశంలో వెలుగులన్నీ వంకరపోయాయని శీర్షిక పెట్టారు. దాని కింద వరుసగా మెట్లు మెట్లుగా ఉపశీర్షికలు. వాటిలో ఒకదాని సారాంశం ఇది: నక్షత్రాలు కనబడిన చోట లేవు, లెక్క కట్టిన చోటా లేవు, అయినా ఎవరూ కంగారు పడనక్కర లేదు! ఈ వార్త పంపిన విలేఖరి సాధారణంగా గోల్ఫు ఆటను గురించి వ్రాసేవాడట. నక్షత్రాలు స్థానం తప్పాయంటే మన ఊళ్ళలో ముహూర్తాలు ఏమై ఉండేవోనని తలచుకున్నప్పుడల్లా నవ్వు వస్తుంది.

ఇక 1948 నవంబరు 3 నాటి చికాగో ట్రిబ్యూన్ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. అధ్యక్ష ఎన్నికలో డ్యూయీ చేతిలో ట్రూమన్ ఓడిపోయాడని పతాక శీర్షిక పెట్టారు. లక్షన్నర ప్రతులు అచ్చు వేశారు. తీరా ఓట్లు లెక్క తేలేసరికి ట్రూమన్‌కు 303, డ్యూయీకి 189. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! మరుసటి రోజు సెయింట్ లూయిస్ రైలుస్టేషనులో ట్రూమన్ ఆ ప్రతిని రెండు చేతులతో ఎత్తి పట్టి నవ్విన నవ్వు ఫోటోగా శాశ్వతమైంది.

కాని దాని వెనుక ఉన్న కారణం నవ్వుకోదగినది మాత్రం కాదు. అక్షరాలు కూర్చే కార్మికులు అప్పటికి దాదాపు ఏడాదిగా సమ్మెలోనే ఉన్నారు. వారు లేకుండా, టైపు చేసిన కాగితాలను ఫోటో తీసి దిమ్మెలు చేసి పత్రిక నడుపుతున్నారు. అందుకు సమయం ఎక్కువ కావాలి కాబట్టి, ఓట్ల లెక్క తేలకముందే మొదటి ప్రతి యంత్రానికి ఎక్కవలసి వచ్చింది. తెలియనప్పుడు మౌనం వహించే సౌకర్యం శీర్షికకు లేదు. దాని నెత్తిన గడియారం ఉంటుంది. దానికి తోడు ఆ పత్రికకు డ్యూయీ పార్టీ అంటే మక్కువ. మనం కోరుకున్నది త్వరగా నిజమనిపిస్తుంది.

ఇక్కడిదాకా నవ్వుకుంటూ వచ్చినవాడిని ఒక శీర్షిక దగ్గర ఆగిపోతాను. 1912 ఏప్రిల్ 15న న్యూయార్కులోని ఈవెనింగ్ సన్ పత్రిక, టైటానిక్‌లో ఉన్నవారంతా క్షేమమని ప్రకటించింది. ఆ పత్రిక జనం చేతికి వచ్చేసరికే ఓడ సముద్రగర్భంలో ఉన్నది, 1500 మందికి పైగా మరణించి ఉన్నారు. గాలిలో తిరుగుతున్న వైర్‌లెస్ సందేశాలు కలగాపులగమై, అందరూ క్షేమమేనా అన్న ప్రశ్న క్షేమమేనన్న జవాబుగా మారిందని చెబుతారు. ఒక ప్రశ్నార్థకం జారిపోతే ఎంత పని జరిగింది! ఆ సాయంత్రం ఆ శీర్షిక చదివి దేవుడికి దండం పెట్టుకుని నిద్రపోయిన తల్లులను తలచుకుంటే పొట్లం మీద అక్షరాలు మసకబారతాయి. ఓడ మునిగిన రాత్రే న్యూయార్క్ టైమ్స్ సంపాదకుడు వాన్ ఆండా మాత్రం, ఓడ నుంచి సందేశాలు హఠాత్తుగా ఆగిపోవడంలోని అర్థం గ్రహించి, అది మునిగిందని వేయించాడు. ఇందాక మనం ఎగతాళి చేసిన పత్రికే సుమా!

చివరిగా మన ఇంటి సంగతి. 1974లో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు, గంభీరమైన సంస్కృత సమాసాలను పక్కకు జరిపి వాడుక మాటలతో, చమత్కారాలతో శీర్షికలు పెట్టడం అలవాటు చేసింది. 1983 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో జరిగిన రభసకు ఆ పత్రిక పెట్టిన శీర్షిక రెండే మాటలు: ‘పెద్దల గలభా’. మండలిని మనం పెద్దల సభ అంటాం కదా. ‘సభ’ ఉండవలసిన చోట ‘గలభా’ కూర్చుంది, అంతే. పెద్దలకు కోపం వచ్చింది. సభాహక్కులకు భంగమన్నారు. 1984లో సంపాదకుడు రామోజీరావును అరెస్టు చేయడానికి పోలీసులు పత్రిక కార్యాలయానికి వెళ్ళేదాకా, సుప్రీంకోర్టు ఆపేదాకా పోయింది వ్యవహారం. మండలి 1985లో రద్దయి, తిరిగి 2007లో ప్రాణం పోసుకుంది. ఆ రెండు మాటలు మాత్రం పత్రికా స్వాతంత్ర్య చర్చల్లో నిలిచిపోయాయి.

ఇదంతా కలిపి చూస్తే విచిత్రంగా తోస్తుంది. లేని అధ్యక్షుడిని గెలిపించిన శీర్షికను నవ్వి క్షమించారు. విమానానికి కోటి సంవత్సరాల గడువు పెట్టినవారిని ఎవరూ నిలదీయలేదు. మునిగిన ఓడను తేల్చినవారి కోసం పోలీసులు వెళ్ళలేదు. జరిగిన గలభాను గలభా అన్నవారి కోసం మాత్రం వెళ్ళారు. అబద్ధం దానంతటదే పాతబడుతుంది కనుక దానికి శిక్ష అక్కరలేదు కాబోలు.

పకోడీలు అయిపోయాయి. పొట్లం మాత్రం దాచుకున్నాను.